గ్యాస్ బిళ్ళ వేసుకుంటే డ్రగ్ టెస్టులో "బెంజో" అని వచ్చింది: నా అనుభవం

ముందే చెప్పేస్తా, నాకు నిద్రమాత్రల అలవాటు లేదు. ఆందోళనకి మందులు వాడే మనిషిని కూడా కాదు, వాడితే తప్పేం లేదనుకోండి, మా పెద్దమ్మ కూతురు వాడుతుంది, తన సంగతి కూడా కింద వస్తుంది ఎందుకంటే తనకి జరిగింది నాకు జరిగినదానికి సరిగ్గా రివర్స్. నేను బెంజో (నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే బెంజోడయాజిపైన్ రకం మందు) వాడుతున్నానని నాకే తెలీకుండా పాజిటివ్ వచ్చింది, తనేమో రోజూ రాత్రి టైముకి మాత్ర వేసుకుంటూ కూడా నెగెటివ్ వచ్చి డాక్టర్ దగ్గర సంజాయిషీ ఇచ్చుకుంది. అప్పట్నుంచి మా ఇంట్లో ఈ టాపిక్ ఎంత నలిగిందంటే మా ఆయన "ఇంక ఆ లివర్ గోల ఆపవే" అనే దాకా వచ్చింది. ఇక్కడ రాసేస్తే నా మనసులో బరువు తగ్గుతుందని రాస్తున్నా.

కిందటి వేసవిలో తమ్ముడి పెళ్ళికని తెనాలి వెళ్ళాం. మే నెల ఎండలు, రోజూ ఎవరో ఒకరింట్లో భోజనాలు, నిద్రకి ఒక టైమంటూ లేదు, దాంతో కడుపు పట్టేసినట్టు నొప్పి, తిన్న వెంటనే బాత్రూమ్‌కి పరుగు. అమ్మ గుంటూరులో ఒక గ్యాస్ట్రో డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన స్కానింగ్ చేయించి ఏం లేదమ్మా ఇది ఐబీఎస్, టెన్షన్‌కి పేగులు బిగుసుకుంటున్నాయి అని చెప్పి ఒక మాత్ర మూడు పూటలా భోజనానికి ముందు వేసుకోమని, పొద్దున్నే పరగడుపున ఒమెప్రజోల్ వేసుకోమని రాసిచ్చారు. అమ్మ దృష్టిలో రెండూ గ్యాస్ బిళ్ళలే. నిజంగానే బాగా పనిచేసింది, నాలుగైదు రోజుల్లో నొప్పి పోయింది, ఇంకో విచిత్రం ఏంటంటే పెళ్ళి హడావిడిలో మా అత్తగారి తరఫు వాళ్ళు ఎవరేమన్నా నాకు అస్సలు కోపం రాలేదు, నాలో ఇంత ఓర్పు ఉందా అని నేనే ముచ్చటపడ్డా. ఆ ఓర్పు ఎక్కడిదో డాలస్ వచ్చాక తెలిసింది.

తిరుగు ప్రయాణంలో కూడా వేసుకుంటూనే వచ్చా, ఫ్లైట్‌లో కడుపు తిరగబడితే ఎలా అని. వచ్చిన తర్వాతి వారం ఇక్కడ ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్‌కి ముందు టీబీ టెస్టు, టీకాల కాగితాలు, డ్రగ్ టెస్టు మామూలే. అమెరికాలో ట్రక్కు డ్రైవర్లకీ పైలట్లకీ ప్రభుత్వ రూల్ ప్రకారం చేసే టెస్టులో గంజాయి, కొకైన్, యాంఫెటమైన్లు, ఓపియాయిడ్లు (నల్లమందు రకం), పీసీపీ అనే మత్తుమందు ఈ ఐదు రకాలే చూస్తారు, బెంజోలు అందులో లేవు. కానీ హాస్పిటళ్ళ లాంటి ప్రైవేటు యజమానులు సొంతంగా పెద్ద ప్యానెల్ పెట్టుకుంటారు, నాది పది రకాల ప్యానెల్, అందులో బార్బిట్యురేట్లు (పాతకాలం నిద్రమందులు), బెంజోడయాజిపైన్లు కూడా ఉంటాయి. (ఇండియాలో పైలట్లకీ, విమానాలకి దారి చెప్పే ఏటీసీ వాళ్ళకీ విమానయాన సంస్థ డీజీసీఏ 2022 జనవరి నుంచి పెట్టిన టెస్టులో మాత్రం బెంజోలు ఉన్నాయి, అది మా ఆయన ఫ్రెండ్ చెప్పాడు, తర్వాత చూస్తే నిజమే.)

శాంపిల్ ఇచ్చే చోట పద్ధతి చూస్తే ఎవరికైనా దొంగతనం చేసినట్టే అనిపిస్తుంది. హ్యాండ్‌బ్యాగ్ బయట లాకర్‌లో పెట్టించారు, జేబులు తిరగేసి చూపించమన్నారు, టాయిలెట్‌లో నీళ్ళు నీలంగా ఉన్నాయి, అందులోంచి ముంచి కలపకుండా అట. ఫ్లష్ కొట్టకూడదు. కప్పు బయటికి తెచ్చాక నాలుగు నిమిషాల్లోపు దానికి అంటించిన స్ట్రిప్ మీద టెంపరేచర్ చూస్తారు, 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటేనే అది అప్పుడే శరీరం నుంచి వచ్చినట్టు లెక్క. తర్వాత నా కళ్ళ ముందే సీసాలో పోసి సీల్ వేసి, దాని మీద నా చేత పొట్టి సంతకం పెట్టించి, కాగితం మీద ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్తుందో రాసారు. ల్యాబ్‌లో పనిచేసే దాన్ని కాబట్టి నాకు ఆ సీల్, ఆ సంతకాలు అన్నీ ముచ్చటేసాయి. ఏవైనా మందులు వాడుతున్నారా అని కలెక్షన్ చేసే అమ్మాయి అడగలేదు. నేను పెద్దగా పట్టించుకోలేదు గానీ తర్వాత తెలిసింది, అది అక్కడ అడగకపోవడమే పద్ధతి, మందుల సంగతి తేలాల్సింది డాక్టర్ దగ్గర, కలెక్షన్ కౌంటర్లో కాదు.

నాతో పాటు ఆఫర్ వచ్చిన అమ్మాయికి రెండోరోజే క్లియర్ అని వచ్చేసింది. నాది మాత్రం "పెండింగ్" అనే ఉంది. హెచ్ఆర్‌కి మెయిల్ పెడితే మాకు కూడా అంతే కనిపిస్తుంది అన్నారు. అప్పుడు ఫోన్ వచ్చింది, నేను మెడికల్ రివ్యూ ఆఫీసర్‌ని అని. పొట్టిగా ఎమ్మార్వో, మన మండలం ఎమ్మార్వో కాదు, ఈయన డాక్టరే, ల్యాబ్ పాజిటివ్ అన్నదాన్ని కంపెనీకి చెప్పేముందు ఈయన మనతో మాట్లాడి న్యాయమైన కారణం ఉందా అని చూస్తాడు. పుట్టినరోజు, పేరు సరిచూసుకుని, మీ శాంపిల్‌లో నార్‌డయాజిపామ్, ఆక్సజిపామ్ అనే బెంజోలు కనిపించాయి, ఏదైనా ప్రిస్క్రిప్షన్ ఉందా అని అడిగాడు. నేను లేదండీ అసలు నేను అలాంటివి వేసుకోను, శాంపిల్ మారిపోయిందేమో చూడండి అన్నా. ఆయన చాలా నిదానంగా, ఇండియా నుంచి ఈమధ్య వచ్చారా, కడుపుకో నిద్రకో ఏవైనా మందులు వాడారా, పేరు చూడొద్దు, అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదవండి అన్నాడు. ఆయనకి ఈ కేసు మొదటిది కాదని ఆ మాటతోనే అర్థమైంది.

సూట్‌కేసు పైజేబులో మిగిలిన అట్ట తీసి చదివా. క్లోర్‌డయాజిపాక్సైడ్ 5 మిల్లీగ్రాములు, క్లిడినియం బ్రోమైడ్ 2.5, డైసైక్లోమిన్ 10. పక్కనే ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక. క్లోర్‌డయాజిపాక్సైడ్ అంటే లిబ్రియం. ప్రపంచంలో మొట్టమొదటి బెంజోడయాజిపైన్. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసిన దాన్ని, కాలేజీలో దాని నిర్మాణం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న దాన్ని, దాన్ని మూడు పూటలా మింగుతూ ఓర్పు వచ్చిందని మురిసిపోయా.

ఫోన్‌లో ఆయన హమ్మయ్య అన్నట్టు, అయితే రిపోర్టుతో సరిపోతుంది అన్నాడు. ఎలా సరిపోతుంది, ఆ అట్ట మీద నార్‌డయాజిపామ్ లేదు, ఆక్సజిపామ్ లేదు, రిపోర్టులో క్లోర్‌డయాజిపాక్సైడ్ లేదు కదా అన్నా. అసలు కథ ఇక్కడే ఉంది, నాకు బాగా నచ్చింది కూడా ఇదే, కొంచెం వివరంగా రాస్తా.

ఈ మందులు కొవ్వులో కరిగే రకం, అందుకే మెదడులోకి సులువుగా వెళ్తాయి, కానీ కొవ్వులో కరిగేదాన్ని కిడ్నీ అలాగే బయటికి పంపలేదు, వడకట్టినా మళ్ళీ వెనక్కి రక్తంలోకే వచ్చేస్తుంది. అందుకని లివర్ దాన్ని కొంచెం కొంచెం చెక్కి నీళ్ళలో కరిగేలా చేస్తుంది. క్లోర్‌డయాజిపాక్సైడ్ అయితే ముందు ఒక మిథైల్ ముక్క పోయి డెస్‌మిథైల్ రూపం అవుతుంది, తర్వాత డెమోక్సిపామ్, ఆ తర్వాత నార్‌డయాజిపామ్, దాని నుంచి ఆక్సజిపామ్. ఆఖర్న ఆక్సజిపామ్‌కి గ్లూక్యురోనిక్ యాసిడ్ అనే చక్కెర లాంటి అణువుని తోకలా తగిలించి మూత్రంలోకి పంపేస్తుంది. అంటే మనం మింగింది ఒకటి, మూత్రంలో దొరికేది దాని మనవలు, మునిమనవలు. ల్యాబ్ వాళ్ళు అణువుని దాని బరువుని బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీ మిషన్‌లో పెట్టేముందు బీటా గ్లూక్యురోనిడేజ్ అనే ఎంజైమ్ కలిపి ఆ తోక తెంపేసి, అప్పుడు లోపలున్నదేంటో చూస్తారు.

వేలియం, అదే మన దగ్గర కాల్మ్‌పోజ్ అని పాతతరం వాళ్ళకి తెలిసిన డయాజిపామ్ ఉంది చూడండి, అది కూడా నార్‌డయాజిపామ్ మీదుగా ఆక్సజిపామ్ దగ్గరికే వస్తుంది. కానీ దానికి ఇంకో దారి కూడా ఉంది, టెమజిపామ్ మీదుగా. అందుకని డయాజిపామ్ ఒక్కటే వేసుకున్న మనిషి మూత్రంలో సాధారణంగా నార్‌డయాజిపామ్, టెమజిపామ్, ఆక్సజిపామ్ మూడూ కనిపిస్తాయి. తమాషా ఏంటంటే టెమజిపామ్, ఆక్సజిపామ్ రెండూ విడిగా మాత్రలుగా కూడా అమ్మిన మందులే, కాబట్టి ఈ సంగతి తెలియనివాడు రిపోర్టు చూస్తే ఈ మనిషి మూడు నాలుగు రకాల నిద్రమాత్రలు మింగుతున్నాడు అనుకుంటాడు. నా రిపోర్టులో టెమజిపామ్ లేదు. అందుకే ఆ డాక్టర్ గారు ఇది డయాజిపామ్ లాగా లేదే, లిబ్రియం రకమో క్లోరాజిపేట్ అనే ఇంకో బెంజోనో అయ్యుండాలి అని అనుమానించి ఇండియా, కడుపు మందు అని అడిగాడు. మూత్రం చుక్క చూసి మనిషి ఊరు దాకా వెళ్ళాడంటే గౌరవం కలిగింది. అయితే ఆయనే చెప్పాడు, ఇది సూచన మాత్రమే, రుజువు కాదు, ఇదే జంట కొన్ని వేరే మందులకి కూడా వస్తుంది, కాగితాలు కావాలి అని.

కాగితాలు. డాక్టర్ చీటీ ఫోటో నా ఫోన్‌లో ఉంది గానీ ఆ చేతిరాత చదవగలిగేది ఒక్క మా బాబాయ్. ఆయనకి తెనాలిలో మెడికల్ షాపుంది, మందులు అక్కడే తీసుకున్నా. అక్కడ తెల్లారగానే ఫోన్ చేసా.

"బాబాయ్, నువ్విచ్చిన కడుపు మాత్రలో నిద్రమందు ఉందంట, ఇక్కడ ఉద్యోగం ఆగింది."

"అది గ్యాస్ట్రో వాళ్ళందరూ రాసేదే కదమ్మలూ, నువ్వు చెప్పకూడదూ అమెరికాలో పరీక్ష ఉంటదని."

"నాకేం తెలుసు బాబాయ్! బిల్లు కావాలి, నా పేరు, డాక్టర్ గారి పేరు, మందు పేరు కనిపించాలి."

"బిల్లేంటి, రిజిస్టరే ఉంది, అది హెచ్ వన్ మందు, రాయకుండా ఇస్తే మా లైసెన్సు పోద్ది. ఫోటో తీసి పంపిస్తా ఉండు."

2014 నుంచి మన దేశంలో షెడ్యూల్ హెచ్1 అని ఒకటి ఉంది, ముఖ్యంగా కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అల్‌ప్రజోలామ్, డయాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటివి దాంట్లో ఉంటాయి. షాపువాడు ఈ మందులు అమ్మితే డాక్టర్ పేరు, అడ్రసు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చింది విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. ఎంతమంది సరిగ్గా రాస్తారో మనందరికీ తెలుసు. మా బాబాయ్ రాసాడు. ఆ పేజీ ఫోటో, గుంటూరు డాక్టర్ గారి క్లినిక్ నుంచి లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో టైపు చేసిన చిన్న లేఖ, అట్ట రెండు వైపులా ఫోటోలు, బోర్డింగ్ పాస్ అన్నీ కలిపి పంపించా. ఎమ్మార్వో ఆఫీసు వాళ్ళు క్లినిక్‌కి ఫోన్ చేసి కూడా కనుక్కున్నారట, కాంపౌండర్ ఇంగ్లీషు విని కంగారుపడి ఫోన్ డాక్టర్ గారికే ఇచ్చేసాడని అమ్మ చెప్పింది.

ఫైనల్‌గా కంపెనీకి వెళ్ళిన రిజల్టు "నెగెటివ్". పాజిటివ్ కానీ కారణం ఉంది అని కాదు, ఉత్త నెగెటివ్. ఏ మందు వాడానో హెచ్ఆర్‌కి తెలీదు. ఇది చాలామందికి తెలియని విషయం, ల్యాబ్ ఏం చూసింది అన్నది ఒకటి, ఎమ్మార్వో ఏం తేల్చాడు అన్నది ఇంకొకటి, కంపెనీకి వెళ్ళేది రెండోదే. ఆయన నాతో విడిగా మాత్రం ఇంకా ఆ మాత్ర వాడుతుంటే ల్యాబ్ పనిలో మత్తు రావొచ్చు, డ్రైవింగ్ జాగ్రత్త, ఇక్కడ డాక్టర్‌ని చూడండి అని గట్టిగానే చెప్పాడు.

ఇప్పుడు అక్క, అదే మా పెద్దమ్మ కూతురి సంగతి. తను న్యూజెర్సీలో ఉంటుంది, పానిక్ అటాక్స్‌కి చాలాకాలంగా క్లోనజిపామ్ అనే బెంజో వాడుతుంది. ఇక్కడ బెంజోలు కంట్రోల్డ్ మందులు కాబట్టి రాసే డాక్టర్లు అప్పుడప్పుడు మూత్రం టెస్టు చేస్తారు, వేరే మందులేవైనా కలుపుతున్నారా అని ఒకటి, రాసిన మందు అసలు వేసుకుంటున్నారా లేక బయట అమ్ముకుంటున్నారా అని రెండు. అక్క కప్పు టెస్టులో (అక్కడికక్కడే కప్పులోనే రిజల్టు చూపించేది) బెంజో నెగెటివ్. ఆ డాక్టర్ మొహం మారిపోయిందట, మాత్రలు ఎక్కడికి పోతున్నాయి అన్నట్టు ప్రశ్నలు. అక్క ఫోన్‌లో ఏడుస్తూ "నేను మాత్రలు అమ్ముకునేదానిలా ఉన్నానా చెప్పవే" అంది. నా గొడవ అప్పటికే అయిపోయింది కాబట్టి చదివింది ఫ్రెష్‌గా ఉంది, కన్ఫర్మేటరీ టెస్టుకి పంపించమని అడుగు అక్కా, ఎల్‌సీ-ఎంఎస్‌లో, అదే మాస్ స్పెక్ట్రోమెట్రీ మిషన్‌లో, 7-అమైనోక్లోనజిపామ్ చూడమను అని చెప్పా. పంపించారు, వచ్చింది, ఆ తర్వాత డాక్టర్ సారీ కూడా చెప్పింది.

ఎందుకలా అంటే కప్పు టెస్టు, ల్యాబ్‌లో మొదట చేసే స్క్రీనింగ్ టెస్టు రెండూ యాంటీబాడీ (ఒక అణువుని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్) మీద నడుస్తాయి. ఆ యాంటీబాడీని చాలా కిట్లలో ఆక్సజిపామ్‌నో నార్‌డయాజిపామ్‌నో పట్టుకునేలా తయారుచేసారు. మిల్లీలీటరుకి 200 లేదా 300 నానోగ్రాముల గీత ఒకటి పెట్టుకుంటారు, ఆ యాంటీబాడీకి కనిపించేది ఆ గీత దాటితే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. లిబ్రియం, వేలియం కుటుంబం అంతా ఆక్సజిపామ్ దగ్గరే తేలుతుంది కాబట్టి నాలాంటి వాళ్ళు టక్కున దొరికిపోతారు. క్లోనజిపామ్ ఆ వైపే వెళ్ళదు. దానికో నైట్రో గుంపు ఉంటుంది, లివర్ దాన్ని అమైన్‌గా మార్చి 7-అమైనోక్లోనజిపామ్ చేస్తుంది, అసలు మందు మూత్రంలో నూటికి రెండు వంతులు కూడా రాదు. ఈ అమైనో రూపాన్ని చాలా పాత కిట్ల యాంటీబాడీలు సరిగ్గా గుర్తుపట్టవు, పైగా క్లోనజిపామ్ డోసు అర మిల్లీగ్రాము, ఒక మిల్లీగ్రాము, అంత తక్కువ. లొరజిపామ్ది ఇంకో రకం తంటా, అది నేరుగా గ్లూక్యురోనైడ్ తోక తగిలించుకుని వెళ్ళిపోతుంది, మధ్యలో మజిలీలు లేవు, తోక ఉన్న అణువుని యాంటీబాడీ సరిగ్గా పట్టుకోలేదు. కొత్త కిట్లలో ఆ తోక తెంపే ఎంజైమ్ ముందే కలుపుతున్నారు, దాంతో కొంత మెరుగు. మజిలీలు లేకపోవడం మంచిక్కూడా వస్తుంది, లివర్ దెబ్బతిన్నవాళ్ళకి, వయసైనవాళ్ళకి బెంజో తప్పనిసరైతే డాక్టర్లు లొరజిపామ్, ఆక్సజిపామ్, టెమజిపామ్ వైపు చూసేది అందుకే, తోక తగిలించే పని లివర్ పాడైనా చాలావరకు నడుస్తుంది.

లిబ్రియం పుట్టింది కూడా ఆ న్యూజెర్సీలోనే, నట్లీ అనే ఊళ్ళో రోష్ కంపెనీ ల్యాబ్‌లో లియో స్టెర్న్‌బాక్ అనే కెమిస్ట్ చేతిలో. 1950ల్లో తయారుచేసి పక్కన పడేసిన పదార్థం 1957లో ల్యాబ్ సర్దుతుంటే దొరికింది, సరే దీన్ని కూడా టెస్టుకి పంపుదాం అని పంపితే అది ఇదయ్యింది, 1960లో మార్కెట్లోకి వచ్చింది, 1963లో వేలియం. స్క్రీనింగ్ కిట్లేమో ఇప్పటికీ ఆ పాత తరం దారినే చూస్తూ కూర్చున్నాయి, ఈలోపు జనం వాడేవి అల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్, లొరజిపామ్ అయిపోయాయి. నన్నడిగితే ఒక కప్పు టెస్టు రిజల్టు చూసి పేషెంట్‌ని అబద్ధాలకోరు అనే డాక్టర్లు ముందు ఆ కిట్ డబ్బాలో మడతపెట్టిన కాగితం చదవాలి, ఏ మందుని ఎంత మోతాదులో పట్టుకుంటుందో అందులోనే పట్టీ ఉంటుంది.

నన్ను అందరూ అడిగేది ఎన్ని రోజులు ఉంటుంది అని. ఒక్క నంబరు చెప్పడం కుదరదు. అల్‌ప్రజోలామ్ సగం తగ్గడానికి సుమారు 11 గంటలు, అది ఒకట్రెండు మాత్రలైతే కొద్ది రోజుల్లో పోతుంది. నార్‌డయాజిపామ్‌కి 36 గంటల నుంచి 200 గంటల దాకా రాస్తారు పుస్తకాల్లో. వంద గంటలే అనుకుందాం, ఐదు సార్లు సగం అయితే గానీ దాదాపు పోయినట్టు కాదు, అంటే ఐదు వందల గంటలు, మూడు వారాలు. పైగా మూడు పూటలా వేసుకుంటే నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వచ్చి పేరుకుంటుంది. నేను మాత్ర ఆపి వారమైనా దొరికిపోవడంలో వింతేం లేదు. వయసు కూడా లెక్కే, డయాజిపామ్‌కి సగం ఆయువు గంటల్లో దాదాపు మనిషి వయసంత అని ఒక మోటు లెక్క ఉంది, ఇరవై ఏళ్ళ కుర్రాడికి 20 గంటలు, ఎనభై ఏళ్ళ పెద్దాయనకి 80, 90. ఇంట్లో ముసలివాళ్ళకి రాత్రి వేసిన మాత్ర మర్నాడు మధ్యాహ్నం కూడా తూలిస్తోందంటే, బాత్రూమ్‌లో పడ్డారంటే, కారణం చాలాసార్లు ఇదే.

జన్యువుల పాత్ర కూడా ఉంది. డయాజిపామ్‌నీ నార్‌డయాజిపామ్‌నీ చెక్కే ఎంజైముల్లో సీవైపీ2సీ19 అనేది ఒకటి (ఇంకోటి 3ఏ4), ఇది పుట్టుకతోనే సరిగ్గా పనిచెయ్యనివాళ్ళు యూరప్ వాళ్ళ కంటే ఆసియా వాళ్ళలో ఎక్కువ. ఇంక ఒమెప్రజోల్ అదే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, డయాజిపామ్‌తో కలిపి వాడితే డయాజిపామ్ ఎక్కువసేపు ఉంటుందని ఆ మందు కాగితంలోనే రాసుంటుంది. నేను పొద్దున్నే వేసుకున్నది అదే. మన ఇళ్ళల్లో ఒమెప్రజోల్ కాఫీ కంటే ముందు పడుతుంది నోట్లో, ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంకో మాట, మూత్రంలో ఉందంటే మత్తులో ఉన్నాడని కాదు. ఈ మందులు మెదడులోంచి కండల్లోకీ కొవ్వులోకీ సర్దుకున్నాక పని తగ్గిపోతుంది గానీ ఒంట్లోంచి పోవు, నిదానంగా కారుతూ ఉంటాయి. ఎంత వేసుకున్నాడు, ఎప్పుడు వేసుకున్నాడు, బండి నడిపేటప్పుడు మత్తులో ఉన్నాడా, ఇవేవీ మూత్రం చెప్పదు. మత్తు సంగతి తేల్చాలంటే రక్తం చూడాలి, మనిషిని చూడాలి.

అమ్మ ఈ కథంతా విని అడిగిన ప్రశ్న, "మరి కల్లు తాగేవాళ్ళకి కూడా వస్తుందా?" అని. మా చిన్నత్తయ్య వాళ్ళది నిజామాబాద్ వైపు. వస్తుంది, కల్తీ కల్లు అయితే. తెలంగాణలో కల్లులో అల్‌ప్రజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఏళ్ళ తరబడి ఉన్న దరిద్రమే, తాగేవాడికి తాను బెంజో మింగుతున్నానని తెలీదు, నాకు తెలియనట్టే. తేడా ఏంటంటే ఆ మోతాదుకి లెక్క లేదు, రోజూ తాగి తాగి ఒకరోజు ఎక్సైజ్ వాళ్ళ దాడులు జరిగి కల్లు ఆగిపోతే జనానికి ఫిట్స్ రావడం, లేనివి కనిపించడం, ఒంటి మీద పాకుతున్నట్టుండటం, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి లైను కట్టడం. అది దయ్యమూ కాదు కల్లు మహిమా కాదు, బెంజో హఠాత్తుగా ఆగితే వచ్చే విత్‌డ్రాయల్. అందుకే టెస్టు ఉందని తెలిసి రోజూ వాడే బెంజోని ఒక్కసారిగా ఆపేస్తానని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది, ఉద్యోగం సంగతి తర్వాత, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ రాసిన మందైతే ఆపాల్సిన పని లేదు, కాగితం దగ్గర పెట్టుకుంటే చాలు. ఆపాలనుకుంటే డాక్టర్ చెప్పినట్టు వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. బిందెలు బిందెలు నీళ్ళు తాగితే పోతుందనేవాళ్ళూ ఉన్నారు, ల్యాబ్‌లో క్రియాటినిన్ (మూత్రంలో మామూలుగా ఉండే వ్యర్థం), సాంద్రత కూడా చూస్తారు, పల్చగా ఉంటే ఆ మాట రిపోర్టులో రాస్తారు, మళ్ళీ పిలుస్తారు.

నిజంగా బెంజో లేకుండానే స్క్రీనింగ్‌లో పాజిటివ్ వచ్చే మందులూ కొన్ని ఉన్నాయి, సెర్ట్రలిన్, హెచ్ఐవీకి వాడే ఎఫవిరెంజ్, కీళ్ళనొప్పుల మందు ఆక్సప్రోజిన్, వీటికి అలా జరిగినట్టు రాసుంది. అవి మాస్ స్పెక్ట్రోమెట్రీలో తేలిపోతాయి. కాబట్టి స్క్రీనింగ్ దగ్గరే ఉద్యోగం పోయిందని ఎవరైనా చెప్తే, కన్ఫర్మేషన్ చేసారా అని అడగండి.

ఇండియా నుంచి మందులు తెచ్చుకునే మనవాళ్ళకి మాత్రం ఒకటి చెప్పాలి. మన దగ్గర కాంబినేషన్ మాత్రలు ఎక్కువ. డిప్రెషన్ మందులో క్లోనజిపామ్ కలిసి ఉంటుంది, గుండెదడ మాత్రలో ఎటిజొలామ్ కలిసి ఉంటుంది, కడుపు మాత్రలో లిబ్రియం ఉంటుంది, బ్రాండు పేరు చివర "ప్లస్" అని ఉన్నా లేకపోయినా. ఎటిజొలామ్ ఇండియాలో చీటీ మీద దొరికే మందే, అమెరికాలో దాన్ని 2023 జులైలో షెడ్యూల్ 1లో పెట్టారు, హెరాయిన్ ఉన్న జాబితా అది. ఇక్కడ ఏ డాక్టరూ దాన్ని రాయలేడు, సూట్‌కేసులో దొరికితే మా బాబాయ్ రిజిస్టర్ ఫోటో ఏమాత్రం పనికిరాదు. అమ్మ ఈమధ్య పచ్చళ్ళతో పాటు మందులు కూడా పంపిస్తానంటే అట్టల ఫోటోలు ముందు పంపించమన్నా, వెనక వైపువి. నా కడుపుకి ఇక్కడ డాక్టర్ డైసైక్లోమిన్ ఒక్కటే రాసిచ్చింది, అది బెంజో కాదు, నొప్పి తగ్గుతోంది. అత్తగారి తరఫు వాళ్ళ మీద కోపం మాత్రం మళ్ళీ మామూలుగానే వస్తోంది.